వంశమున వచ్చు మూర్ఛ – జన్యువుపై సాక్ష్యవిచారణ



మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల పల్లెలలో పెద్దల యెదుటికి వచ్చు తగవులలో గట్టు తగాదాలు, నీటి తగాదాలు, పాలివాటాల తగాదాలు ఎక్కువ. వానిని తీర్చు పద్ధతి మీకు క్రొత్త గాదు. పట్టా ఎవరి పేర నున్నదో చూతురు; పహాణీలో ఎన్నేండ్లు ఎవరి పేరు నడచినదో చూతురు; చుట్టుపట్ల రైతులను విచారింతురు. ఒక్కని మాట విని తీర్పు చెప్పరు. నేడు నేను మనవి చేయబోవునది కూడ అట్టి తగవే. కాని యిందు ముద్దాయి మనుష్యుడు గాడు. మన దేహములోని యొక జన్యువు. దానిపై మోపబడిన నేరము, పసిబిడ్డలకు మూర్ఛను, దానితోపాటు మేధోవైకల్యమును కలిగించినదని. ఆ నేరము రుజువైనదా, కాలేదా యని తెలిసికొను విధమే యీ ప్రసంగ విషయము.

ఇది పండితుల కాలక్షేపమునకు సంబంధించిన ప్రశ్న గాదు. ఒక యింట బిడ్డకు మూర్ఛలు వచ్చుచు, మాటయు నడకయు వెనుకబడినప్పుడు ఆ యింటి నలుదెసల ప్రశ్నలు పుట్టును. ఇది తల్లి వైపు నుండి వచ్చినదా, తండ్రి వైపు నుండి వచ్చినదా? తరువాతి కాన్పు మాటేమి? పెండ్లికి ఎదిగిన మేనత్తకు సంబంధము కుదురునా? ఈ ప్రశ్నలకు లోకులు త్వరపడి సమాధానములు చెప్పుదురు. తఱచుగా ఆ సమాధానపు భారము కోడలి తలపై పడును. ఇప్పుడు మఱియొకటి తోడైనది. నగరములోని ప్రయోగశాలలో రక్తము పరీక్షించి, ఫలానా జన్యువులో మార్పు కనబడినదని కాగితము వ్రాసి యిచ్చుచున్నారు. ఆ కాగితమును చేతబట్టుకొని ఇంటివారు పెద్దల సలహా కోరుదురు. దానిని ఎంతవఱకు నమ్మవలెను? ఇది మీరు తెలిసికొనదగిన విషయము.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. మూర్ఛయంతయు వంశమున వచ్చునది గాదు. ప్రపంచమున సుమారు 5 కోట్ల మంది మూర్ఛరోగము గలవారున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారిలో ఎందఱకో కారణము ప్రసవ సమయమున బిడ్డకు ఊపిరి అందకపోవుట, తలకు దెబ్బ తగులుట, మెదడు జ్వరము, లేక పక్షవాతము. మన దేశమున మఱియొక కారణము కూడ కలదు. పంది బద్దెపురుగు గ్రుడ్లు మలముతో కలుషితమైన నీటి ద్వారమునను, సరిగా కడుగని కూరగాయల ద్వారమునను కడుపులో చేరి, పిల్లపురుగులై మెదడులో తిత్తులు కట్టును. ఇట్టివారి మూర్ఛకు వంశముతో పని లేదు. మరుగుదొడ్డితోను, మంచినీటితోను పని యున్నది. తగిన మందులు క్రమముగా వాడినచో మూర్ఛరోగులలో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేకుండ బ్రదుకగలరని ఆ సంస్థయే చెప్పుచున్నది. మూర్ఛ గలవారిలో అనేకులకు బుద్ధిలో ఏ కొఱతయు లేదు. అందువలన మూర్ఛ వేఱు, మేధోవైకల్యము వేఱు. ఈ రెండును పసితనమున నొక్కటిగా కనబడి, మెదడునకు దెబ్బగాని వ్యాధిగాని తగిలిన జాడ లేనప్పుడు వైద్యులు జన్యువుల వైపు చూతురు.

జన్యువన నేమి? తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి చొప్పున మనకు రెండు ప్రతులుగా సంక్రమించిన వ్రాతపుస్తకమును ఊహింపుడు. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములు. అందు దేహమును నిర్మించు ఆదేశములు గల అధ్యాయములు సుమారు 20,000. ఆ యధ్యాయములే జన్యువులు. ఈ పుస్తకములు కొన్ని క్రోమోజోములను కట్టలుగా కట్టబడి యుండును. పూర్వము తాళపత్రమును చూచి మఱియొక తాళపత్రము వ్రాయునప్పుడు లేఖకుని చేత అక్షరదోషములు దొరలెడివి గదా! ఈ పుస్తకము కూడ తరతరమునకు నకలు చేయబడుచున్నది. అందును దోషములు దొరలుచున్నవి. తల్లిదండ్రులలో ఎవరికిని లేని క్రొత్త అక్షరభేదములు ప్రతి బిడ్డయందును సుమారు 60, 70 వఱకు ఉండునని లెక్క తేలినది. ఇక పాతభేదముల మాట చెప్పనక్కఱలేదు. శాస్త్రజ్ఞులు ప్రమాణముగా పెట్టుకొన్న ప్రతితో పోల్చినచో, ఆరోగ్యముగా నున్న మనలో ఒక్కొక్కరియందును 40 లక్షలకు పైబడిన భేదములు కనబడును.

ఈ సంఖ్యయే మన విచారణకు మొదటి మెట్టు. రోగి పుస్తకములో ఒక అక్షరభేదము కనబడినదనుట సాక్ష్యము గాదు. లక్షల భేదములు గల చోట ఒకటి కనబడకుండునా? జాతరలో వస్తువు పోయినప్పుడు, జాతరకు వచ్చినాడన్న మాత్రమున ఒకనిని దొంగ యనలేము. అక్కడికి వచ్చినవారందఱిలో వీడే యెందుకు దొంగయో చెప్పవలెను.

దోషము ఇంటిలో ప్రసరించు మార్గములు ముఖ్యముగా నాలుగు. మొదటి మార్గమున రెండు ప్రతులలో ఒకదానిలో దోషమున్నను రోగము కనబడును; తల్లిగాని తండ్రిగాని రోగియైనచో ప్రతి బిడ్డకును సగము అవకాశము. రెండవ మార్గమున రెండు ప్రతులును చెడినప్పుడే రోగము. ఒక్క ప్రతి చెడిన తల్లియు తండ్రియు ఆరోగ్యముగానే యుందురు, కాని వారి ప్రతి బిడ్డకును నాలుగింట నొక వంతు అవకాశము. నాలుగింట నొక వంతనగా, మొదటి బిడ్డకు వచ్చినది గనుక తక్కిన ముగ్గురికి రాదని యర్థము గాదు. ప్రతి కాన్పునకును లెక్క మరల మొదటికి వచ్చును. మూడవ మార్గమున దోషము ఎక్స్ అను క్రోమోజోముపై నుండును. తల్లి మోయును, కొడుకులు ఎక్కువగా బాధపడుదురు. నాలుగవ మార్గమున దోషము బిడ్డలోనే క్రొత్తగా పుట్టును. తల్లిదండ్రుల వంశములు రెండును నిర్దోషములు. మేధోవైకల్యముతో కూడిన తీవ్రమైన బాల్యమూర్ఛలలో ఈ నాలుగవ విధమునకు చెందినవి అనేకములని గత పదునైదేండ్ల పరిశోధనలలో తేలినది. కోడలిని నిందించువారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను.

ఇక మన మేనరికముల మాట. తెలుగుదేశమున మేనమామ కూతురును, మేనత్త కొడుకును, కొన్ని కులములలో అక్క కూతురును పెండ్లాడుట తరతరముల ఆచారము. దీనిని శాస్త్రీయముగా లెక్క కట్టినవారిలో ముందుండినవారు మనవారే. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ శిష్యుడగు ద్రోణంరాజు కృష్ణ, పి. మీరాఖాన్‌తో కలసి, ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహముల సంఖ్యనుగూర్చియు ఫలితములనుగూర్చియు 1963లో పరిశోధన వ్యాసము ప్రకటించెను.

లెక్క యిట్లుండును. అక్క కూతురును పెండ్లాడినవాని బిడ్డలో, సగటున ఎనిమిదింట నొక వంతు పుస్తకము, ఒకే పూర్వికుని ప్రతి రెండు వైపుల నుండి వచ్చి కలసినదై యుండును. మేనబావ మరదండ్ర బిడ్డలో పదునాఱింట నొక వంతు. 20,000 జన్యువులలో ఎనిమిదింట నొక వంతనగా 2,500. పదునాఱింట నొక వంతనగా 1,250. పూర్వికుని ప్రతిలో ఎక్కడనైన దోషమున్నచో, అది యీ భాగమున రెండు వైపులను పడి రోగముగా బయల్పడవచ్చును. మేనరికములో ఇట్టి రోగముల యవకాశము కొంత పెరుగుటకు కారణమిది. అయినను మేనరికపు బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యముగానే యుందురని మీకు అనుభవముచే తెలియును. లెక్కయు ఆ మాటయే చెప్పును.

కాని సాక్ష్యవిచారణకు ఈ లెక్క మఱియొక పాఠము నేర్పును. అక్క కూతురును పెండ్లాడినవాని యింట రోగియైన బిడ్డ పుట్టెననుకొనుడు. ఏ జన్యువు కారణమని వెదకునప్పుడు, ఆ బిడ్డలో రెండు ప్రతులు ఒక్కటైన 2,500 జన్యువులును అనుమానితులే. రెండవ బిడ్డయు రోగియే యైనచో, ఇద్దఱిలోను అట్లే కలసినవి అందు నాలుగింట నొక వంతు, అనగా 600కు పైగా మిగులును. ఆరోగ్యముగా నున్న మూడవ బిడ్డను పరీక్షించినచో మఱి నాలుగింట నొక వంతు తగ్గును. ఇంకను 450కు పైబడి మిగిలియున్నవి. వానిలో కంటికి కనబడు అక్షరదోషము గలవి కొన్నియే యుండవచ్చును. అందు మెదడుతో సంబంధమున్న దానిని ఎంచి, ఇదియే దోషియని చెప్పుట సులభము. కాని అట్లు చెప్పిన మాట తప్పగుటయు నంతే సులభము. కాబట్టి ఒక్క కుటుంబపు సాక్ష్యము, ఎంత పెద్ద కుటుంబమైనను, విచారణకు ఆరంభమే గాని అంతము గాదు.

దీనికి దృష్టాంతముగా ఫ్రాన్సు దేశమున జరిగిన యొక వృత్తాంతమును విన్నవించెదను. అక్కడ ఒక కుటుంబములో పిల్లలకు మూర్ఛ, మాట పలుకుటలో కష్టము, మేధోవైకల్యము కనబడెను. రోగము ఎక్స్ క్రోమోజోము మార్గమున నడచుచున్నట్లు తోచెను. పరిశోధకులు ఆ క్రోమోజోమును వెదకి, ఎస్.ఆర్.పి.ఎక్స్. 2 అను జన్యువులో ఒక అక్షరభేదమును పట్టి, 2006లో దానిని కారణముగా ప్రకటించిరి. తరువాత ఎలుకజాతి జంతువులపై పరీక్షలు జరిగెను. గర్భములోని ఎలుకపిల్లల మెదడులో ఆ జన్యువును అణచినప్పుడు, మెదడుకణములు తమ స్థానములకు చేరుటలో తడబడెను. మూర్ఛవంటి విద్యుత్ క్షోభయు కనబడెను. చిట్టెలుకలలో ఆ జన్యువు నాడీకణముల సంధులను కట్టుటకు సాయపడునని 2013లో మఱియొకరు ప్రకటించిరి. చూచుటకు నేరము చక్కగా రుజువైనట్లే యున్నది గదా!

అదే 2013లో రెండు విషయములు బయల్పడెను. మొదటిది, వేలకొలది సామాన్యజనుల జన్యుపుస్తకములు చదువబడి అందఱికి అందుబాటులోనికి రాగా, దోషమని చెప్పబడిన ఆ యక్షరభేదమే వారిలో కూడ కనబడెను. పసిబిడ్డలను మూర్ఛపాలు చేయు తీవ్రదోషమే యైనచో సామాన్యజనులలో అది యట్లు సంచరింపరాదు. రెండవది, ఆ ఫ్రెంచి కుటుంబమునే మరల పరీక్షింపగా, 16వ క్రోమోజోముపై నున్న గ్రిన్ 2ఏ అను వేఱొక జన్యువులో దోషము దొరకెను. ఈ గ్రిన్ 2ఏ సంగతి ఒక్క కుటుంబముతో తీరలేదు. ఆ యేడే మూడు పరిశోధక బృందములు వేఱువేఱుగా, మూర్ఛయు మాటలోపమును గల అనేక కుటుంబములలో ఆ జన్యువునందు దోషములను చూపిరి. అది నాడీకణములు సందేశములను అందుకొను ద్వారములలో ఒక భాగమును నిర్మించునది; కావున రోగముతో దాని సంబంధము కార్యకారణముగా కూడ పొసగినది. మొదటి ముద్దాయిపై మోపిన నేరము నిలువలేదు.

ఇందు ఎవ్వరును మోసము చేయలేదు. మొదటి పరిశోధకులు తమకు దొరకిన సాక్ష్యమును నిజాయితీగానే చెప్పిరి. ఎలుకల పరీక్షలును అబద్ధములు గావు. ఆ జన్యువు మెదడులో పనిచేయు మాట నిజమే కావచ్చును. కాని మెదడులో పనిచేయుట వేఱు, ఆ యింటి పిల్లల రోగమునకు కారణమగుట వేఱు. ఊరిలో బలవంతుడు గనుక కొట్టగలడు అనుట, ఈ దెబ్బ కొట్టినవాడు వీడే యనుటకు రుజువు గాదు గదా!

ఇట్టి పొరపాట్లను నివారించుటకై అమెరికాలో క్లిన్‌జెన్ అను సంఘము వివిధ దేశముల నిపుణులను కూర్చి, ఒక్కొక్క జన్యువుపై సాక్ష్యమును తూచు పద్ధతి నొకదానిని 2017లో ప్రకటించెను. అది మన పంచాయతి పద్ధతికి ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. మనుష్యులలో దొరకిన సాక్ష్యమునకు, అనగా ఎన్ని కుటుంబములు, దోషము రోగులతోపాటు నడచుచున్నదా, ఆరోగ్యవంతులలో లేకున్నదా, అను వానికి అధికపక్షము 12 మార్కులు. ప్రయోగశాలలో కణములపైనను జంతువులపైనను జరిగిన పరీక్షలకు అధికపక్షము 6 మార్కులు. మొత్తము 18. అందు 6 వఱకు వచ్చినచో సాక్ష్యము పరిమితము. 7 మొదలు 11 వఱకు మధ్యమము. 12గాని అంతకు మీఱిగాని వచ్చినచో బలవత్తరము. అట్లు బలవత్తరమైన దానిని వేఱు పరిశోధకులు మరల చూచి ఒప్పుకొని, మొదటి ప్రకటన నుండి మూడేండ్లకు పైబడి యెదురుమాట రాకుండ నిలిచినచో, నిశ్చితమని వ్రాయుదురు. విరుద్ధ సాక్ష్యము వచ్చినచో వివాదగ్రస్తమనియు, పూర్తిగా కొట్టివేయబడినచో నిరాకృతమనియు వ్రాయుదురు.

ఈ తూకములో రెండు మర్మములున్నవి. ఒకటి, ఎలుకల సాక్ష్యమెంత యున్నను 6 మార్కులు దాటనీయరు. మనుష్యుల సాక్ష్యము లేకుండ నిశ్చితమను తీర్పు రాదు. రెండు, కాలమునకు కూడ సాక్షి పదవి యిచ్చిరి. ప్రకటించిన నాటి ఉత్సాహము చల్లారిన పిమ్మట కూడ నిలిచినదే సత్యమని వారి యభిప్రాయము. మూర్ఛకు కారణమని ఒకప్పుడు గ్రంథములకెక్కిన జన్యువులలో కొన్ని ఈ తూకమున తేలిపోయినవి. 2004లో యౌవనమున వచ్చు ఒక విధమైన మూర్ఛకు కారణమని ప్రకటింపబడిన ఇ.ఎఫ్.హెచ్.సి. 1 అను జన్యువు అట్టిదే. దానియందలి భేదములు కొన్ని జాతుల ఆరోగ్యవంతులలో కూడ కనబడుటచే అది వివాదగ్రస్తమైనది.

ఇచ్చట మన దేశమునకు ప్రత్యేకమగు చిక్కు కలదు. ఆరోగ్యవంతులలో ఈ భేదమున్నదా యని చూచుటకు ప్రపంచమున నిర్మించిన పట్టికలలో ఎక్కువమంది ఐరోపా సంతతివారు. మన కులములు తరతరములుగా తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుటచే, ఐరోపాలో కానరాని భేదము మన కులమొకదానిలో సర్వసాధారణమై యుండవచ్చును. ఆ కులపు రోగులు నలుగురిలో అది కనబడినంత మాత్రమున కారణమనరాదు; ఆ కులపు ఆరోగ్యవంతులలో కూడ ఎందఱికి కలదో చూడవలెను. ఈ విషయమున మన హైదరాబాదులోనే ముఖ్యమైన పని జరిగినది. 1977లో స్థాపింపబడిన కణ మరియు అణు జీవశాస్త్ర కేంద్రము, మనము సి.సి.ఎం.బి. యనునది, హబ్సీగూడలో నున్నది. అచ్చటి శాస్త్రజ్ఞుడు కె. తంగరాజ్, అమెరికా శాస్త్రజ్ఞులతో కలసి 2017లో ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 260కి పైబడిన జనసమూహములను పరిశీలించిరి. వానిలో 81 సమూహములు, కొలదిమంది మూలపురుషుల నుండి విస్తరించిన జాడను చాల గాఢముగా చూపినవి. ఇట్టి సమూహములలో, మూలపురుషునియందు దొరలిన అక్షరదోషము నేటి వేలాది కుటుంబములలో నుండగలదు. దగ్గరి చుట్టరికము లేని పెండ్లిలో కూడ రెండు వైపుల నుండి వచ్చి కలియగలదు.

మన తెలుగు వైశ్యులలో తెలిసిన యొక ఉదాహరణము దీనిని విశదము చేయును. శస్త్రచికిత్స వేళ కండరములను సడలించుటకు ఇచ్చు ఒక మందును విఱిచివేయు రసాయనము వారిలో కొందఱికి పుట్టుకతోనే కొఱతగా నుండును. ఆ మందు ప్రభావము నిమిషములలో తీరవలసినది గంటలకొలది నిలిచి ఊపిరి స్తంభించును. ఇది నిత్యజీవితమున ఏ బాధయు పెట్టదు. ముందుగా తెలిసినచో మత్తువైద్యుడు వేఱు మందు వాడును, ప్రాణము నిలుచును. ఇది నింద గాదు, ఎఱుక. సాక్ష్యము గట్టిదైనప్పుడు జన్యువును తెలిసికొనుట మేలు చేయు విధమిదియే. దేశమందలి 10,000 మంది జన్యుపుస్తకములను చదివిన జీనోమ్ ఇండియా పథకపు ఫలితములు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. మన రోగులను మనవారితోనే పోల్చి చూచుటకు ఇది యొక మంచి ఆధారము. మీలో అనేకులు నిత్యము తుర్కపల్లి త్రోవలో జీనోమ్ వ్యాలీ యను పలకను చూచుచుందురు. 1999 నుండి వెలసిన ఆ ప్రాంతమునకు టీకాలవలనను ఔషధములవలనను పేరు వచ్చినది. ఆ పేరులోని జీనోమ్ అనగా మనము చెప్పుకొనుచున్న యీ పూర్తి పుస్తకమే.

మూర్ఛ విషయమున గట్టి సాక్ష్యము బిడ్డలకు చేసిన మేలు కూడ వినుడు. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్, ఇద్దఱు బిడ్డల తల్లి యొకతె తన పిల్లలకు వింతవాసన వచ్చుచున్నదని చెప్పగా, వారి మూత్రమును పరీక్షించి ఒక రోగమును కనుగొనెను. ఆహారములోని ఒక పదార్థము జీర్ణము గాక రక్తమున పేరుకొని బుద్ధిని చెఱచును. కొందఱికి మూర్ఛలు కూడ వచ్చును. పుట్టిన కొలది దినములలో కనుగొని తగిన పథ్యము పెట్టినచో, ఆ బిడ్డలు తక్కినవారివలెనే పెరుగుదురు. మఱియొక విధమైన శిశుమూర్ఛ సామాన్యపు మందులకు లొంగక, బి6 విటమినుకు లొంగును. దాని జన్యువు 2006లో తెలిసినది. ఎస్.సి.ఎన్. 1ఏ అను జన్యువు 2001లో తీవ్రమైన యొక బాల్యమూర్ఛకు కారణమని తేలినది. ఆ బిడ్డలకు మూర్ఛకు వాడు మందులలోనే కొన్ని రోగమును హెచ్చించునని తెలిసి వైద్యులు జాగ్రత్తపడుచున్నారు. ఈ జన్యువులపై సాక్ష్యము అనేక దేశములలో, అనేక కుటుంబములలో, ఏండ్ల తరబడి నిలిచినది. తీర్పు సరియైనచో చికిత్స మాఱును. తీర్పు తప్పైనచో తప్పు మందు, తప్పు భయము, తెగిన సంబంధము మిగులును.

కాగితము చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేఱువేఱుగా నడుగవలెను. మొదటిది, ఈ జన్యువు ఈ రోగమునకు కారణమని లోకమున నిశ్చితమైనదా? రెండవది, నిశ్చితమైనను, ఈ బిడ్డలోని ఈ ప్రత్యేకభేదము చెఱుపు చేయునదియేనా? ఈ రెండవ ప్రశ్నకు ప్రయోగశాలలు అయిదు తరగతుల సమాధానము వ్రాయుదురు. రోగకారకము, బహుశః రోగకారకము, అర్థము తేలనిది, బహుశః నిరపాయము, నిరపాయము. ఇందు నడుమనున్న అర్థము తేలనిదను మాట వ్రాసియున్నచో, దానిని దోషమని గాని నిర్దోషమని గాని చదువరాదు. కోర్టులో వాయిదా పడిన దావాకును తీర్పైన దావాకును ఎంత భేదమో, దీనికిని రోగకారకమను మాటకును అంత భేదము. అట్టి కాగితమును పట్టుకొని పెండ్లి మానుటయు, గర్భము తీయించుటయు తగదు. తల్లిదండ్రుల రక్తమును, వీలైనచో తోబుట్టువుల రక్తమును పరీక్షించి, తరగతి మాఱునేమో నిపుణుల నడుగవలెను. కొన్నేండ్లకు మరల అడిగినచో, క్రొత్త సాక్ష్యము వచ్చి తరగతి మాఱుటయు కలదు.

ఎవరి నడుగవలెనన్న, దూరము పోనక్కఱలేదు. మేడ్చలు నుండి సికింద్రాబాదు పోవు త్రోవలో బోయినపల్లి మనోవికాసనగరమున, 1984లో స్థాపింపబడిన జాతీయ మేధోవైకల్య సంస్థ కలదు. మేధోవైకల్యము గల పిల్లలకు పరీక్షయు, శిక్షణయు, తల్లిదండ్రులకు సలహాయు నచ్చట లభించును. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో నరముల వైద్యులును, జన్యువైద్యులును ఉన్నారు. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ, ఉప్పలులో సి.డి.ఎఫ్.డి. యను కేంద్రము జన్యువ్యాధుల పరీక్షలకు పేరొందినవి. పోవునప్పుడు మూడు తరముల వంశవృక్షమును వ్రాసికొని పోవుడు. ఎవరు ఎవరిని పెండ్లాడిరి, ఏ బిడ్డ ఏ వయస్సున పోయెను, ఎవరికి మూర్ఛలు వచ్చెను, ఎవరు ఆరోగ్యముగా నున్నారు, అను విషయములను పల్లెలో పెద్దల కంటె బాగుగా ఎఱిగినవారెవ్వరు? విచారణలో ఆరోగ్యవంతుని పేరు కూడ రోగి పేరంత విలువగల సాక్ష్యము. కుటుంబపు పరువు పోవునని ఒక చనిపోయిన బిడ్డ సంగతి దాచినచో లెక్కయంతయు తప్పిపోవును.

చట్టము మాట కూడ చెప్పవలెను. 1976 సవరణచే హిందూ వివాహ చట్టమున, మాటిమాటికి మూర్ఛలు వచ్చువారు వివాహమునకు అనర్హులను మాట చేరినది. మూర్ఛ చికిత్సకు లొంగు రోగమేయనియు, అది ఉన్మాదము గాదనియు వైద్యులు ఎంతో కాలము వాదించిన పిమ్మట, 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించెను. శామీరుపేటలోనే న్యాయవిద్య నేర్పు నల్సార్ విశ్వవిద్యాలయము కలదు గనుక, చట్టమన్న మాట మీ ప్రాంతమునకు దూరము గాదు. చట్టము తొలగించిన నిషేధమును పల్లె కట్టుబాటు మరల నిలబెట్టరాదు. అట్లని పెండ్లిమాటలలో రోగమును దాచుటయు మేలు గాదు. దాచినచో పెండ్లికూతురు అందఱి కంటబడుట కోర్వక మందులు మానును. మందు మానినచో మూర్ఛ వచ్చును. అప్పుడు కాపురమునకును, ప్రాణమునకును ముప్పు. ఇరువైపుల పెద్దలు కూర్చుండి నిజము చెప్పుకొని, వైద్యుని మాట విని నిశ్చయించుట గౌరవము.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ముక్కునొద్ద ఉల్లిపాయ పెట్టుట, పండ్ల నడుమ చెంచా దూర్చుట మానిపింపుడు. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, నోట ఏమియు పోయక కనిపెట్టియుండవలెను. అయిదు నిమిషములు దాటినచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. జన్యువేదైనను, కారణమేదైనను, ఈ యుపచారమునకు భేదము లేదు.

పెద్దలారా, ఒక మనుష్యునిపై నేరము మోపుటకు ఎన్ని సాక్ష్యములు కోరుదుమో, ఒక వంశముపై మచ్చ వేయుటకు అంతకంటె ఎక్కువ కోరవలెను. మనుష్యుని శిక్ష అతనితో తీరును. వంశముపై పడిన మచ్చ పుట్టబోవు ఆడబిడ్డల పెండ్లిండ్లను కూడ వెంటాడును. ఎన్ని కుటుంబములలో చూచిరి, ఆరోగ్యవంతులలో వెదకిరా, మన జనులతో పోల్చిరా, వేఱువారు మరల చూచిరా, కాలము నిలిపినదా యని యీ అయిదు ప్రశ్నలు అడుగుడు. సమాధానములు సరిగా వచ్చినచో, శాస్త్రము చెప్పిన చికిత్సను ఆలసింపక చేయింపుడు. రానిచో తీర్పును ఆపుడు. కాని బిడ్డకు మందును, బడిని, ఆదరమును ఒక్క దినమైనను ఆపకుడు. సెలవు.